కోడి పందేల వివాదం (పశ్చిమ గోదావరి, కొల్లేరు ప్రాంతం)

ఈ వ్యాసం కోడి పందేలపై నెలకొన్న వివాదం, దానిపై ప్రజల స్పందన గురించి. ఆట పద్ధతుల పూర్తి వివరాల కొరకు కోడి పందెం వ్యాసం చూడండి.

కోడి పందేల వివాదం అనగా ఆంధ్రప్రదేశ్ లోని గోదావరి డెల్టా, కొల్లేరు సరస్సు పరిసర ప్రాంతాలలో సంక్రాంతి పండుగ రోజులలో జరిగే కోడి పందేలు సంప్రదాయమా, జూదమా, జంతుహింసా అనే విషయమై ప్రజలలోను, న్యాయస్థానాలలోను, పత్రికలలోను సాగుతున్న వాదోపవాదాలు. చట్టరీత్యా ఈ పందేలు నిషిద్ధం. అయినను భోగి, సంక్రాంతి, కనుమ రోజులలో భీమవరం, ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, కైకలూరు పరిసర గ్రామాలలో బహిరంగంగానే జరుగుతూ వచ్చాయి. పండుగకు ముందు నిషేధాజ్ఞలు, పండుగ రోజులలో పందేలు, పండుగ తరువాత విమర్శలు అనే క్రమం ఏటేటా పునరావృతమవుతూ ఉన్నది.

ఈ వివాదంలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. మొదటిది పుంజుల కాళ్ళకు కత్తులు కట్టి పోరాడించడంలోని హింస. రెండవది ఆ పోరాటంపై ఒడ్డే ధనం, దానితోపాటు సాగే ఇతర జూదాలు. మూడవది చట్టం అందరికీ ఒకే విధంగా అమలవుతున్నదా అన్నది. సమర్థించేవారు, వ్యతిరేకించేవారు తరచుగా వీటిలో వేర్వేరు ప్రశ్నలకు సమాధానం చెప్పడం వలన ఈ చర్చ ఒక కొలిక్కి రావడం లేదు.

చారిత్రక నేపథ్యం

కోళ్ళ పోరాటం భారతదేశంలో ప్రాచీనమైన వినోదం. వాత్స్యాయనుని కామసూత్రాలలో పేర్కొన్న అరవైనాలుగు కళలలో పొట్టేళ్ళు, కోళ్ళు, లావుక పిట్టల పోరాటాలు నడిపే నేర్పు కూడా ఒకటి. దండి సంస్కృతంలో రచించిన దశకుమార చరితంలో కోడి పందెం ప్రస్తావన ఉన్నది. ఈ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు.

తెలుగువారికి కోడి పందెం అనగానే గుర్తుకు వచ్చేది 12వ శతాబ్దపు పల్నాటి కథ. మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు, గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ పందెం వేయగా, ఓడిన మాచర్ల పక్షం వారు రాజ్యం విడిచి ఏడేళ్ళు వలస పోవలసి వచ్చిందని, ఆ వైరమే చివరకు కారెంపూడి యుద్ధానికి దారితీసిందని కథ. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర ద్విపద కావ్యం ఈ గాథను చెబుతుంది. నేటి వివాదంలో ఇరుపక్షాల వారూ ఈ కథనే ఉదహరించడం విశేషం. సమర్థకులకు ఇది సంప్రదాయపు ప్రాచీనతకు సాక్ష్యం. వ్యతిరేకులకు పందెం తెచ్చిపెట్టే వినాశనానికి సాక్ష్యం.

పందెగాళ్ళు కుక్కుట శాస్త్రాన్ని అనుసరిస్తారు. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పింగళ, మైల, కౌజు, అబ్రాసు, రసంగి మొదలైన పేర్లతో పుంజులను వర్గీకరించి, ఏ వారంలో, ఏ జామున, ఏ దిక్కు నుండి ఏ రంగు పుంజును బరిలోకి దింపితే గెలుపు కలుగుతుందో ఇందులో చెప్పబడింది. పందేనికి వాడే పుంజులలో అసీల్ జాతి ముఖ్యమైనది. దేశవాళీ కోళ్ళ జాతులలో అసీల్ కు ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు స్వస్థలంగా గుర్తింపు పొందాయి.

పందెం తీరు

వివాదాన్ని అర్థం చేసుకొనుటకు పందేలలోని భేదాలను తెలుసుకోవడం అవసరం.

కత్తి పందెం: పుంజు కాలికి కొన్ని అంగుళాల పొడవు గల పదునైన కత్తిని దారంతో కట్టి వదులుతారు. కత్తులు కట్టడంలో నేర్పు గలవారికి పండుగ రోజులలో మంచి గిరాకీ ఉంటుంది. ఈ పందెం కొద్ది నిమిషాలలోనే ముగుస్తుంది. ఓడిన పుంజు చాలావరకు అక్కడే మరణిస్తుంది. గెలిచిన పుంజు కూడా గాయపడడం సాధారణం.

డింకీ పందెం: కత్తి కట్టకుండా పుంజులను పోరాడించే పద్ధతి. ఇది ఎక్కువసేపు సాగుతుంది. సంప్రదాయాన్ని నిలపాలనేవారు కొందరు ఈ పద్ధతికి అనుమతి కోరుతుంటారు.

పై పందేలు: బరిలో పుంజుల యజమానులు ఒడ్డే అసలు పందెం కాక, చుట్టూ చేరిన ప్రేక్షకులు తమలో తాము వేసుకొనే పందేలను పై పందేలు అంటారు. చేతులు మారే ధనంలో పెద్ద భాగం ఈ పై పందేలదే అని చెబుతారు.

బరుల పక్కన గుండాట, పేకాట, లోనా-బయటా వంటి జూదాలు కూడా వెలుస్తాయి. ఒక బరి నిర్వహణలో స్థలపు ఏర్పాటు, పందెంపై కమీషను, మద్యం, తినుబండారాల దుకాణాలు, వాహనాలు నిలుపుకొనే స్థలం అన్నీ కలిసి ఉంటాయి. పూర్వం చింతతోపులోనో, కొబ్బరితోటలోనో, ఊరి చివర ఖాళీ స్థలంలోనో జరిగిన పందేలు 2010 దశకం నాటికి కొన్నిచోట్ల విద్యుద్దీపాలు, గ్యాలరీలు, పెద్ద తెరలతో కూడిన వేదికలుగా మారాయి.

ప్రాంత స్వరూపం

ఈ పందేలకు భీమవరం ప్రాంతం ప్రధాన కేంద్రం. భీమవరం మండలంలోని వెంప, కాళ్ళ మండలంలోని సీసలి, ఏలూరుపాడు, జువ్వలపాలెం వంటి గ్రామాల పేర్లు పండుగ వార్తలలో తరచుగా వచ్చాయి. చెన్నై - కలకత్తా రైలు మార్గంలో ఉన్న ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలు ఇతర ప్రాంతాల నుండి వచ్చేవారికి దిగుడు స్థలాలు. హైదరాబాదు నుండియు, ఇతర రాష్ట్రాల నుండియు, విదేశాల నుండియు వచ్చే తెలుగువారితో పండుగ రోజులలో ఈ పట్టణాలలోని లాడ్జీలు నిండిపోతాయి.

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు ప్రాంతం. 1980 దశకం నుండి ఈ ప్రాంతంలో చేపల చెరువులు, తరువాత రొయ్యల చెరువులు విస్తరించడంతో వరి సాగుపై మాత్రమే ఆధారపడిన గ్రామాలలోకి నగదు ఎక్కువగా వచ్చింది. పందేల పరిమాణం పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. చెరువు గట్లు, లంక గ్రామాలకు పోయే ఇరుకు దారులు ఉన్న ఈ ప్రాంతంలో పోలీసు వాహనం రాక దూరం నుండే తెలిసిపోతుంది. పండుగ కాని రోజులలో దొంగచాటుగా జరిగే పందేలకు ఈ స్వరూపం అనుకూలించింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా నుండి ఏలూరు కేంద్రంగా ఏలూరు జిల్లా ఏర్పడింది. భీమవరం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలో కొనసాగగా, అంతకు ముందు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలో చేరింది. అందువలన 2022కు పూర్వపు వార్తలలో "పశ్చిమ గోదావరి" అని ఉన్న గ్రామాలు కొన్ని ఇప్పుడు వేరే జిల్లాలలో ఉన్నాయని గమనించాలి.

చట్టం

కోడి పందేలకు ప్రధానంగా రెండు చట్టాలు వర్తిస్తాయి.

1. జంతుహింస నివారణ చట్టం, 1960: ఇది కేంద్ర చట్టం. వినోదం కొరకు ఒక జంతువును మరొక జంతువుతో పోరాడేటట్లు పురికొల్పడం 11వ సెక్షన్ ప్రకారం నేరం. జంతువుల పోరాటానికి స్థలాన్ని ఏర్పాటు చేయడం, నిర్వహించడం అదే సెక్షన్ లోని మరొక ఖండం కింద ప్రత్యేక నేరం. 31వ సెక్షన్ ప్రకారం ఈ రెండవ నేరంలో, అనగా స్థలం నిర్వహించిన వారి విషయంలో, పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చును.

2. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974: ఇది రాష్ట్ర చట్టం. జూదగృహాలను నడపడాన్ని, బహిరంగ స్థలాలలో జూదమాడడాన్ని ఇది నిషేధిస్తుంది. బహిరంగ స్థలాలలో పక్షులను, జంతువులను పోరాటానికి దింపడం కూడా దీని పరిధిలోకి వస్తుంది.

అనగా పందెం సొమ్ము లేకుండా పోరాడించినా మొదటి చట్టం ప్రకారం నేరమే. కత్తి కట్టకుండా పోరాడించినా నేరమే. "డబ్బు పెట్టకపోతే తప్పులేదు", "కత్తి కట్టకపోతే అనుమతి ఉన్నది" అని ప్రజలలో ఉన్న అభిప్రాయాలకు చట్టంలో ఆధారం లేదు.

శిక్షల విషయంలో మాత్రం చట్టం బలహీనంగా ఉన్నదని చాలాకాలంగా విమర్శ ఉన్నది. 11వ సెక్షన్ ప్రకారం మొదటిసారి నేరానికి జరిమానా 10 నుండి 50 రూపాయలు. మూడేళ్ళలోపు మరల అదే నేరం చేస్తే 25 నుండి 100 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. ఒక్క పందెంపై లక్షల రూపాయలు ఒడ్డేవారికి 50 రూపాయల జరిమానా ఏ విధమైన భయాన్నీ కలిగించదని జంతు సంక్షేమ కార్యకర్తల వాదన. శిక్షలను పెంచే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో ఒక సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయం కొరకు విడుదల చేసింది.

న్యాయస్థానాలలో

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు కేసులో తీర్పు ఇచ్చింది. న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, పినాకి చంద్ర ఘోష్ ల ధర్మాసనం జల్లికట్టును, ఎడ్ల పందేలను నిషేధించడంతోపాటు, ఏ జంతువునూ మనిషితో గాని మరొక జంతువుతో గాని పోరాడేటట్లు పురికొల్పరాదన్న నిబంధనను ఖచ్చితంగా అమలు చేయాలని ఆదేశించింది. ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని చెప్పే రాజ్యాంగంలోని 51-ఎ అధికరణాన్ని ఈ తీర్పు ఆధారంగా తీసుకొన్నది. కోడి పందేలపై తరువాత వచ్చిన వ్యాజ్యాలకు ఇది బలమిచ్చింది.

2015 సంక్రాంతికి ముందు హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానం పందేలను అడ్డుకోవాలని ఆదేశించగా, అప్పుడు భారతీయ జనతా పార్టీలో ఉన్న కనుమూరి రఘురామకృష్ణంరాజు సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. సుప్రీంకోర్టు ఆ జనవరిలో యథాతథ స్థితిని కొనసాగించాలని ఉత్తర్వు ఇచ్చింది. ఈ ఉత్తర్వును ఇరుపక్షాలు రెండు విధాలుగా చదివాయి. ఏటా జరుగుతున్నది జరగనివ్వమని దీని అర్థమని నిర్వాహకులు ప్రచారం చేశారు. చట్టంలో ఉన్న నిషేధమే యథాతథ స్థితి అని జంతు సంక్షేమ సంఘాలు వాదించాయి. ఆ ఏడు పందేలు విస్తారంగా జరిగాయి. రఘురామకృష్ణంరాజు అనంతరం 2019లో నరసాపురం లోక్‌సభ సభ్యునిగాను, 2024లో ఉండి శాసనసభ్యునిగాను ఎన్నికై, 2024 నవంబరులో శాసనసభ ఉపసభాపతి అయ్యాడు.

2016 డిసెంబరు 26న హైదరాబాదు ఉన్నత న్యాయస్థానం ఈ విషయమై సమగ్రమైన తీర్పు వెలువరించింది. పందేలను నిరోధించడం జిల్లా యంత్రాంగం బాధ్యత అని చెప్పి, మండల స్థాయిలో రెవిన్యూ, పోలీసు అధికారులతో సంయుక్త తనిఖీ బృందాలను ఏర్పాటు చేయాలని ఆదేశించింది. దీనిపై దాఖలైన అప్పీలులో 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిషేధాన్ని ఎత్తివేయడానికి అంగీకరించలేదు. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ కు ప్రత్యేక ఉన్నత న్యాయస్థానం అమరావతిలో ఏర్పడిన తరువాత కూడా పండుగకు ముందు ఇటువంటి వ్యాజ్యాలు రావడం, చట్టాన్ని అమలు చేయాలని న్యాయస్థానం ఆదేశించడం జరుగుతూ వచ్చింది.

పోలీసుల పాత్ర

పండుగకు కొన్ని వారాల ముందు నుండి పోలీసు, రెవిన్యూ శాఖలు గ్రామాలలో సభలు పెట్టి నిషేధం గురించి చెబుతాయి. కత్తులు తయారు చేసేవారిపై, కట్టేవారిపై దాడులు జరిపి కత్తులను స్వాధీనం చేసుకుంటాయి. గతంలో పందేలు నిర్వహించినవారిని తహసీల్దారు ఎదుట బైండోవర్ చేస్తాయి. సిద్ధం చేసిన బరులను ట్రాక్టర్లతో దున్నించిన సందర్భాలు ఉన్నాయి. నిషేధాజ్ఞలు గతంలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కింద వెలువడేవి. 2024 జులై 1 నుండి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది.

అయితే ఈ కట్టుదిట్టం భోగి ఉదయంతో సడలిపోవడం పరిపాటి అయినది. భోగి మధ్యాహ్నానికి బరులు తెరుచుకొని కనుమ సాయంత్రం వరకు సాగుతాయి. కొన్నిచోట్ల ప్రజాప్రతినిధులే పందేలను ప్రారంభించిన దృశ్యాలు పత్రికలలో వచ్చాయి. ఇది ఏ ఒక్క పార్టీకో పరిమితం కాలేదు. అధికారంలో ఏ పార్టీ ఉన్నను పండుగ మూడు రోజుల పరిస్థితి దాదాపు ఒకే విధంగా ఉన్నది.

ఈ పరిస్థితిలో క్షేత్రస్థాయి సిబ్బంది ఇరకాటంలో పడతారు. న్యాయస్థానం ఉత్తర్వు ఒకవైపు, వేలాది జనం మరొకవైపు. పెద్ద బరి వద్ద నలుగురైదుగురు కానిస్టేబుళ్ళు చేయగలిగినది స్వల్పం. బలప్రయోగం చేస్తే తొక్కిసలాట జరిగే ప్రమాదం ఉన్నదని ఒక వాదన. అటువంటి బరులు ఒక్కరోజులో వెలవవని, వేదిక కడుతున్నప్పుడే ఆపడానికి తగిన వ్యవధి ఉంటుందని దానికి సమాధానం. స్థలం నిర్వాహకులను వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం చట్టంలో ఉండగా, ఎక్కువగా చిన్నపాటి ఆటగాళ్ళపై, ప్రేక్షకులపై కేసులు నమోదవుతున్నాయని విమర్శకులు ఎత్తిచూపారు.

పండుగ కాని రోజులలో మాత్రం ఇవే పందేలపై దాడులు జరుగుతాయి. 2022 జులైలో తెలంగాణలోని పటాన్‌చెరు సమీపంలో తోటలో సాగుతున్న పందేలపై అక్కడి పోలీసులు దాడి చేసి పలువురిని అరెస్టు చేశారు. జులైలో నేరమైనది జనవరిలో వేడుక ఎట్లయినదన్న ప్రశ్న ఇటువంటి సందర్భాలలో వినబడుతుంది.

ప్రమాదాలు

కత్తి పందేల వలన మనుషులు కూడా మరణించారు. 2020 జనవరిలో చింతలపూడి మండలం ప్రగడవరంలో (ప్రస్తుతం ఏలూరు జిల్లా) పందేనికి తీసుకొనిపోతున్న పుంజు కాలి కత్తి తగిలి ఒక వ్యక్తి మరణించాడు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లా లొత్తునూరులో ఇటువంటి సంఘటనే జరిగింది. అప్పుడు ఆ పుంజును పోలీసులు కొంతకాలం గొల్లపల్లి ఠాణాలో ఉంచారు. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలంలో ఒకరు, కాకినాడ జిల్లా కిర్లంపూడి మండలంలో ఒకరు కత్తి గాయాలతో మరణించారు. కత్తి తొడ నరాలకో, పొట్టకో తగిలినప్పుడు రక్తస్రావం తీవ్రంగా ఉండి, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణాపాయం కలుగుతుంది.

ప్రజల స్పందన

సమర్థించేవారి వాదన

సంక్రాంతి పంట ఇంటికి వచ్చిన పండుగ అని, ఊరు విడిచి వెళ్ళినవారిని తిరిగి ఊరికి రప్పించేది ఈ వేడుకేనని సమర్థకులు అంటారు. కొత్త అల్లుళ్ళు, బంధువులు, విదేశాలలో స్థిరపడినవారు ఒకచోట చేరే సందర్భం ఇది. ఏడాది పొడవునా చోళ్ళు, గంట్లు, బాదంపప్పు, గుడ్లు పెట్టి, ఈత కొట్టించి పుంజును సాకే రైతు దానిని హింసించేవాడు కాదని, మాంసం కొరకు ఇరుకు గూళ్ళలో పెంచి కొద్ది వారాలకే కోసే బ్రాయిలర్ కోడి కంటె పందెం పుంజు బతుకే మేలని వీరి మాట. పందేలు లేకపోతే అసీల్ వంటి జాతులు అంతరించిపోతాయని కూడా అంటారు. పుంజుల పెంపకం, విక్రయం ద్వారా అనేక కుటుంబాలకు ఆదాయం కలుగుతున్నది.

వీరు లేవనెత్తే మరొక అంశం సమానత్వం. నగరాలలోని గుర్రప్పందేలలో బహిరంగంగా పందెం కాయవచ్చును. అది నైపుణ్యంతో కూడిన క్రీడ అని సుప్రీంకోర్టు 1996లో లక్ష్మణన్ కేసులో తీర్పు ఇచ్చింది. ధనవంతుల పందెం క్రీడ కాగా, పల్లెటూరివాని పందెం నేరం కావడం న్యాయమా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో ఆదరణ ఎక్కువ.

వ్యతిరేకించేవారి వాదన

పుంజులు సహజంగా పోట్లాడుకొన్నప్పుడు ఓడినది పారిపోతుంది. కాలికి కత్తి కట్టి బరిలో నిలిపినప్పుడు ఆ అవకాశం ఉండదు. ప్రకృతిలో ఉన్న పోరును మనిషి మరణంగా మార్చుతున్నాడని జంతు సంక్షేమ కార్యకర్తల వాదన. జాతి సంరక్షణకు పందేలే అవసరం లేదని, హైదరాబాదులోని కోళ్ళ పరిశోధనా సంస్థ అసీల్ జాతిని శాస్త్రీయంగా సంరక్షిస్తున్నదని వీరు గుర్తుచేస్తారు.

స్థానికులలో వ్యతిరేకత మాత్రం ఎక్కువగా జూదం వైపు నుండి వస్తుంది. పుంజు మీద జాలి కంటె ఇంటి మీద ఆందోళన ఇక్కడ ప్రధానం. పంట సొమ్ము, చీటీ పాట సొమ్ము, తాకట్టు పెట్టిన బంగారం మూడు రోజులలో పోగొట్టుకొన్న కుటుంబాల కథలు ఈ గ్రామాలలో కొత్త కాదు. పెద్ద పందెం వేసే భూస్వామికి, చేపల చెరువుల యజమానికి ఓటమి ఒక ఏటి నష్టం. గుండాటలో కూలి డబ్బు ఒడ్డే వ్యవసాయ కార్మికునికి అది నెలల తరబడి తీరని అప్పు. బరి వద్ద ఇద్దరూ పక్కపక్కనే నిలిచినా, ఇంటికి తీసుకొనిపోయే నష్టం ఒకటి కాదు. మద్యం, పాఠశాల పిల్లలు కూడా పందేలు చూడడానికి అలవాటు పడడం తల్లుల ఆందోళనకు కారణాలు.

ఇక చట్టాన్ని గౌరవించేవారి అభ్యంతరం వేరు. పందెం మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టినా, ఉన్నత న్యాయస్థానం ఉత్తర్వును అందరి ఎదుట ఉల్లంఘించవచ్చునని పిల్లలు ఏటా నేర్చుకుంటున్నారని, దాని ఫలితం మూడు రోజులతో పోదని వీరు అంటారు.

మధ్యేమార్గం

కత్తులు లేకుండా, సొమ్ము లేకుండా, పగటిపూట మాత్రమే, పశువైద్యుని పర్యవేక్షణలో ప్రదర్శనగా జరపవచ్చునని కొందరి సూచన. పుంజుల అందాల పోటీలు, ముగ్గులు, గంగిరెద్దులు, హరిదాసులు, కబడ్డీ పోటీలు వంటి వాటితో పండుగ కళ తగ్గదని మరికొందరు అంటారు. అయితే మొదటి సూచన అమలు కావాలంటే ముందుగా చట్టాన్ని సవరించవలసి ఉంటుంది.

పత్రికలు, టెలివిజన్

ఈ వివాదంలో ప్రచార సాధనాల పాత్ర ద్వంద్వంగా ఉన్నది. పండుగకు ముందు నిషేధం, దాడుల వార్తలను ప్రముఖంగా ప్రచురించే పత్రికలే పండుగ రోజులలో పందేల ఫొటోలను, పందెం మొత్తాలను ఉత్సాహంగా ప్రచురిస్తాయి. టెలివిజన్ చానెళ్ళు బరుల వద్ద నుండి ప్రత్యక్ష ప్రసారాలు చేశాయి. 2010 దశకం రెండవ భాగం నుండి చేతి ఫోనులలో తీసిన దృశ్యాలు అంతర్జాలంలో వ్యాపించి, ఇతర జిల్లాల నుండి సందర్శకులను మరింతగా ఆకర్షించాయి. 2025 సంక్రాంతికి తాడేపల్లిగూడెంలో ఒక్క పందెం కోటి రూపాయలు దాటినట్లు వార్తలు వెలువడ్డాయి. పందెం మొత్తాల విషయంలో ఇటువంటి అంకెలు నిర్వాహకులు, ప్రేక్షకులు చెప్పినవే తప్ప లెక్కలలో నమోదైనవి కావు.

2020 ప్రగడవరం, 2021 లొత్తునూరు మరణాలను సి.ఎన్.ఎన్., బి.బి.సి. వంటి అంతర్జాతీయ సంస్థలు ప్రసారం చేశాయి. మనిషిని కోడి చంపిందన్న విడ్డూరమే ఆ వార్తల శీర్షికలకు ఎక్కింది. ఈ మరణాలకు మూలమైన జూదం, అప్పులు, చట్టం అమలు వంటి విషయాలపై చర్చ ఎక్కువగా తెలుగు పత్రికలలోనే సాగింది.

జల్లికట్టుతో పోలిక

2017 జనవరిలో చెన్నై మెరీనా తీరంలోను, తమిళనాడు అంతటా జల్లికట్టుకు మద్దతుగా పెద్ద ఎత్తున ఉద్యమం జరిగింది. తమిళనాడు ప్రభుత్వం జంతుహింస నివారణ చట్టాన్ని తమ రాష్ట్రానికి వర్తించేటట్లు సవరించింది. 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది.

ఈ పరిణామం తరువాత "తమిళులు సాధించుకొన్నది మనమెందుకు సాధించలేము" అన్న మాట గోదావరి జిల్లాలలో వినవచ్చింది. అయితే రెండింటికీ ముఖ్యమైన భేదాలున్నాయి. జల్లికట్టుకు రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, నియమ నిబంధనలు ఏర్పరచింది. కోడి పందేలకు ఆంధ్రప్రదేశ్ లో అటువంటి చట్టమేదీ రాలేదు. జల్లికట్టులో మనిషి ఎద్దును లొంగదీయ యత్నిస్తాడు. కత్తి పందెంలో రెండు పక్షులలో ఒకటి చావడమే సాధారణ ఫలితం. జల్లికట్టు బహుమతుల పోటీ కాగా, కోడి పందెం పేరులోనే పందెం ఉన్నది.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో 1835 నాటి చట్టంతో కోళ్ళ పోరాటాలు నిషేధింపబడ్డాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చివరగా నిషేధించిన రాష్ట్రం లూసియానా (2008). 2019 డిసెంబరు నుండి ప్యూర్టోరికో వంటి అమెరికా అధీన ప్రాంతాలకు కూడా నిషేధం వర్తించింది. ఫిలిప్పీన్స్ లో 1974 నాటి చట్టం కింద అనుమతి పొందిన స్థలాలలో పందేలు జరుపవచ్చును. అక్కడ అంతర్జాలం ద్వారా సాగిన పందేలను, వాటితో సంబంధం ఉన్న 30 మందికి పైగా వ్యక్తులు అదృశ్యమైన నేపథ్యంలో, 2022 మేలో ప్రభుత్వం నిలిపివేసింది.

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో నిషేధమున్నా గ్రామస్థులు పందేలు జరుపుకొనేవారు. 1958లో అక్కడ పరిశోధన చేస్తున్న అమెరికా మానవ శాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్, ఆయన భార్య ఒక పందెం చూస్తుండగా పోలీసులు దాడి చేశారు. వారిరువురు గ్రామస్థులతోపాటే పరుగెత్తారు. అంతవరకు వారిని పట్టించుకోని ఊరివారు ఆ రోజు నుండి తమవారిగా చూశారు. గీర్ట్జ్ 1972లో ప్రచురించిన వ్యాసంలో, బాలి పందెంలో ధనం కంటె పరువు ప్రతిష్ఠలే ప్రధానంగా ఒడ్డబడుతున్నాయని ప్రతిపాదించాడు. గోదావరి జిల్లాల పందేలలోనూ ఊరి పేరు, వంశం పేరు, పుంజు పేరు నిలవాలన్న పట్టుదల కనిపిస్తుంది. కేవలం జరిమానాలతో, దాడులతో ఈ ఆచారం ఎందుకు ఆగడం లేదన్న ప్రశ్నకు ఇది కొంత సమాధానమిస్తుంది. అయితే పరువు కొరకు పందెం కాసేవానికి, పోయిన సొమ్మును తిరిగి రాబట్టుకోవాలని కాసేవానికి మధ్య భేదాన్ని కూడా గీర్ట్జ్ గుర్తించాడు. బరి పక్కనే ఆడే చిల్లర జూదాలలో ఎక్కువగా ఆడేది పేదలు, పరువు పోటీలో నిలువలేనివారు అని ఆయన రాశాడు.

ఇవి కూడా చూడండి

* కోడి పందెం
* సంక్రాంతి
* పల్నాటి యుద్ధం
* కుక్కుట శాస్త్రం
* జల్లికట్టు
* కొల్లేరు సరస్సు
* ఏలూరు జిల్లా
* తాడేపల్లిగూడెం
* భీమవరం